ఫెర్న్ ఆకుల వెనక చుక్కలు

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. తేదీ వేసి రాసుకోవడానికి డైరీలో కాస్త జాగా ఉంటే చాలు. తొంభై నాలుగు మార్చిలో చిక్కడపల్లిలో కిరాయి గదిలో ఉంటూ, నారాయణగూడలోని ఒక ఆఫీసులో కొత్తగా గుమాస్తాగా చేరాను. మా పెద్దసారు తన స్వోర్డ్ ఫెర్న్, అదే కత్తుల్లాంటి పొడుగాకుల మొక్క, కుండీని నెల రోజులకు నాకు అప్పగించి ఊరికి వెళ్లారు. (నా ఉద్యోగం ఖాయం చేసే ఫైలు ఆయన బల్ల మీదే ఉంది, ఆ మొక్కను 'గారు' అనకుండా ఉండడమే గొప్ప.) "ఎండ తగలొద్దు, మన్ను ఆరొద్దు, అడుగున నీళ్లు నిలవొద్దు. రెండు పూటలా ఆకుల మీద నీళ్లు చిలకరించు, గంతే" అన్నారాయన.

వరండాలో నీడ చూసి పెట్టి, ఆకులు లెక్కించాను: ముప్ఫై ఒకటి. పన్నెండో రోజున ఒక ఆకు తిప్పి చూద్దును కదా, వెనక వైపంతా గోధుమరంగు చుక్కలు, వరసకు వరస! ఒళ్లు మండిపోయింది. పక్కనే ఇంటి ఓనరక్క గులాబీ కుండీలు ఐదున్నాయి. వాటికి ముందు వారమే పిండినల్లి పురుగు పట్టింది.

"అక్కా, మీ గులాబీల పురుగు నా ఫెర్నుకు ఎక్కింది. కుండీలు తీసేయుండ్రి!"

"ఏంది తమ్మీ, సక్కగ లైన్లు కట్టి కూసున్నయ్. పురుగులు గట్ల కూసుంటయా?"

అక్కడే ఆగవలసింది. ఆగకుండా, ఇదంతా తారీఖు వేసి డైరీలో రాసుకుంటానని, ఇల్లు ఖాళీ చేస్తానని గేటు దాకా వినబడేలా అరిచాను. ఆమె ఐదు కుండీలనూ విసవిసా మోసుకెళ్లి మేడ మీది ఎండలో పడేసి, వాటికి నీళ్లూ నాతో మాటలూ మానేసింది. నేను సబ్బునీళ్లతో, పాత టూత్‌బ్రష్‌తో రోజుకు ఐదాకుల చొప్పున ఆరు రోజులు, ఏడో రోజున మిగిలిన ఒక్క ఆకూ తోమాను.

నెల తిరిగి, కుండీ తీసుకెళ్లడానికి పెద్దసారు నా గదికే వచ్చారు.

"చుక్కలేవయ్యా?"

"పురుగు సార్. మొత్తం తీసేసిన" అన్నాను ఛాతీ విరిచి.

"పురుగా! అది దాని విత్తనమయ్యా! ఆ పొడి తడి ఇటుకపొడి మీద చల్లితె పిల్లమొక్కలొస్తయ్. మూడేండ్ల సంది దాని కోసమే ఎదురు చూస్తున్న!"

ఆ ముక్క ముందే చెప్పి చావొచ్చు కదా అని లోపల కుతకుతలాడాను. బయటికి "సారీ సార్" మాత్రమే వచ్చింది. అక్క అక్కడే నిలబడి గులాబీల సంగతంతా చెప్పేసింది. ఆయన ముఖం ఇంకా ఎర్రబడింది. "ఫెర్నుకేం, కొత్తాకులేస్తది. ముందుగాల ఆ గులాబీలు బతికించు. అప్పటిదాక నీ ఫైలు కదలది."

మేడ మీద మిగిలినవి ఐదు కుండీల కట్టెలు. పళ్లు నూరుకుంటూ నీడకు దింపాను, ఎండుకొమ్మలు కత్తిరించాను, ఇరవై రెండు రోజులు నీళ్లు పోశాను. అక్క గడప మీద చేతులు కట్టుకుని చూసేది. ఇరవై మూడో రోజున మాత్రం వంగి ఒక కొమ్మను నా ముక్కు దాకా వంచింది.

"తారీఖు ఏసి మరీ రాస్కో తమ్మీ. ఇది పురుగు కాదు, మొగ్గ."

ఫైలు ఆ వారమే కదిలింది. డైరీలో మాత్రం ఆ రోజు కింద 'ఇంత మాటంటుందా!' అని ఉంది. దాని కింద కాగితం చిరిగేంత గట్టిగా రెండు గీతలు. ఇప్పుడు చదువుతుంటే, ఆ కుర్రవాణ్ణి అశోక్ నగర్ దాకా నడిపించుకెళ్లి, ఒక టీ ఇప్పించాలనిపిస్తుంది.