రెండు ప్రమిదల్లో ఇంజన్ ఆయిల్

మా అత్తగారు మొన్న శనివారం తెల్లవారుజామున కన్నుమూశారు. ముందురోజు సాయంత్రం మంచం మీద నుంచే నన్ను పిలిచి, "అమ్మీ, ఆ ఫ్యాను ఒకవైపే ఎందుకు తిరుగుతాదే?" అని అడిగారు. నాకు తెలియదన్నాను. "కనుక్కోరాదా" అన్నారు. ఆమె నాతో అన్న చివరి మాట అదే. ఈపాటికి స్వామి సన్నిధిలో ఎవరినో ఏదో అడుగుతూనే ఉంటారు.

తిరుపతిలో ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో ఆమెను చూస్తే నాకు భయం. నూనె కొట్టుకు వెళితే శెనక్కాయల నూనె చుక్క ఒకటి వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసి, కళ్లు మూసుకుని కాసేపు ఆగేవారు. అంతవరకూ కొట్టతను ఊపిరి బిగబట్టి నిలబడాల్సిందే. "తాకి చూడంది తెలిసేదెట్లా?" అనేవారు. అలాంటి మనిషి అల్లుడి ఎదుటికి మాత్రం వచ్చేవారు కాదు. వారి కాలపు మర్యాద అది. అల్లుడుగారు హాల్లో కూర్చుంటే ఆమె వంటింటి గడప లోపల, తలుపు చాటున నిలబడేవారు. ఇద్దరి మాటలూ మోయడానికి మధ్యలో నేను.

మా వారికి పాత అంబాసిడర్ టాక్సీ ఉండేది. యాత్రికులను కొండకు తీసుకువెళ్లేవారు. ఇల్లంతా ఆ బండి మీదే నడిచేది. ఒక ధనుర్మాసంలో మా ఆడపడుచు భర్త మద్రాసు నుంచి వచ్చారు. ఆయనది ఓడలో ఇంజన్లు చూసే పని. ఎక్కడో సంపాదించిన ఆయిల్ టిన్ను ఒకటి తెచ్చి హాల్లో పెట్టారు.

"బావా, మనం పోసే మామూలు ఆయిల్ కాదిది. సింథటిక్ అంటారు. పోసి చూడు, బండి పూలపల్లకి మాదిరి పోతాది."

మా వారు టిన్నును తిప్పి తిప్పి చూశారు. "పాత బండి బావా. ఇంజన్ పట్టేసిందంటే నేను యాడికి పోవాల?"

"ఫారిన్ కార్లకు పోసేది మీ డొక్కుబండికి పనికిరాదా? వద్దంటే చెప్పు, తీసుకునిపోతా."

అల్లుడుగారి ముఖం ఎర్రబడింది. అల్లుడు ప్రేమగా తెచ్చింది తిప్పి పంపితే, మా ఆడపడుచు మళ్లీ పుట్టింటికి వస్తుందా అని నాకు గుబులు పుట్టింది. పోస్తే ఇంజన్ ఏమవుతుందోనని ఇంకో గుబులు.

తలుపు చాటున గాజులు గలగలమన్నాయి. "అమ్మీ, దాన్ని దేంతో చేసినారో అడుగు."

ఆయనకు ఆ మాట వినబడనే వినబడింది. అయినా నావైపు తిరిగి, "భూమిలో తీసిన నూనెనే విడగొట్టి, ఫ్యాక్టరీలో మళ్లీ కూర్చినారని చెప్పమ్మా" అన్నారు.

"మామూలుదీ ఇదీ, రెండిట్లోనూ రవ్వంత కావాలని చెప్పు."

మర్నాడు చీకటితోనే కొండకు బయలుదేరాము. మా అత్తగారి తులసిమాల సంచిలో ఆ నూనెలు పోసిన రెండు మందు సీసాలు కనబడ్డాయి.

"అత్తమ్మా, స్వామి దగ్గరికి ఇంజన్ నూనెతోనా?"

"ఆయనకు తెలియని నూనెనా? చలికి ఎట్లుంటాదో సూడాల."

పైకి చేరాక సీసాలను కాసేపు మంచులో పెట్టి, రెండూ ఒక్కసారే వంచారు. మామూలు ఆయిల్ బెల్లంపాకంలా మెల్లగా కదిలింది. కొత్తది గబుక్కున జారింది. "అమ్మీ! పొద్దున్నే మన బండి ఎందుకు మొరాయిస్తాదో తెలిసిపాయ" అని ఆమె వణుకుతూనే చిన్నపిల్లలా నవ్వారు.

ఇక కొత్తదే పోయిస్తారనుకున్నాను. ఇంటికి వచ్చాక ఆమె బండి పక్కన నిలబడిపోయారు. ఇంజన్ కింద చుక్కలు పడడానికి మా వారు పెట్టిన రేకు పళ్లెం వైపు చాలాసేపు చూసి, వంటింట్లోకి వెళ్లారు. కార్తీకంలో వెలిగించి పక్కన పెట్టిన మట్టి ప్రమిదల్లో నెర్రెలిచ్చినవి రెండు ఏరుకున్నారు.

హాల్లో బావాబావమరుదులు ముఖాలకు అడ్డంగా చెరో పేపరూ పట్టుకుని కూర్చున్నారు. ఉన్నట్టుండి మా అత్తగారు ఒక్కో చేతిలో నూనె పోసిన ప్రమిదతో గడప దాటి, నేరుగా అల్లుడి ముందుకు వచ్చేశారు.

"సూడు నాయనా! నూనె నీదే మంచిది. కొండపైన నేనే చూసినా. కానీ నెర్రెలో నిలవలేదు. ఇదో, నా అరచేతిలోకి కారిపోయింది. మాది కొంచెం చెమ్మగిల్లి ఆడనే ఆగిపోయింది."

అల్లుడుగారు దిగ్గున లేచారు. మా వారి చేతిలోంచి పేపరు జారింది. తానెక్కడ నిలబడి ఉన్నదీ ఆమెకు మాత్రం తెలియలేదు.

"ప్రమిద వేరు, ఇంజన్ వేరు అత్తమ్మా," అన్నారాయన.

"అయితే బండికింద ఆ రేకు ఎందుకు పెట్టినాడు మీ బావ?"

ఆయన పకపకా నవ్వారు. పంచె ఎగ్గట్టి బండి కిందికి దూరి, నల్లబడిన చేతులతో బయటికి వచ్చారు. "నూనె కారకుండా ఆపే సీళ్లు అరిగిపోయినాయి బావా. అవి మార్చినాక పోస్తాం. టిన్ను ఈడనే ఉండనీ. నేనే వచ్చి పోస్తా."

అప్పుడుగానీ మా అత్తగారు చుట్టూ చూసుకోలేదు. కొంగు తలమీదికి లాక్కున్నారు. లోపలికి మాత్రం వెళ్లలేదు. ఇంకో ప్రశ్న మిగిలి ఉంది మరి. "ఓడకు ఏం నూనె పోస్తారు నాయనా?"

ఎండాకాలంలో సీళ్లు మార్చాక ఆయనే వచ్చి ఆ టిన్ను పోశారు. బండి పూలపల్లకి కాలేదు గానీ, ఆ ఏడు చలికి మొరాయించలేదు. అప్పటి నుంచి ఆయన వచ్చినప్పుడల్లా గడపకు అటు ఆమె, ఇటు ఆయన కూర్చుని ఇంజన్ల కబుర్లు చెప్పుకునేవారు. మాటలు మోసే పని నాకు తప్పింది. తెలియనిది అడగడానికి సిగ్గుపడకూడదని నేను నేర్చుకున్నది అక్కడ కాఫీ కలుపుతూ వింటూనే.

శనివారం కబురు అందగానే ఆయన మద్రాసు నుంచి వచ్చారు. అందరూ హాల్లో ఉంటే, ఆయన వంటింటి గడప ఇవతల ఎప్పటి చోటే కూర్చున్నారు. గూట్లో ఆ ప్రమిదలు ఇంకా ఉన్నాయి. ఆయన ఒకటి తీసి, అడుగున అంటుకున్న జిడ్డును వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసి, కళ్లు మూసుకుని కాసేపు ఆగారు.