పక్క మంచం మస్తాన్ రక్తపరీక్ష

ఇంట్లో అందరూ ఈ క్యాసెట్ వినండి. ఈ రోజు కువైట్ ఆస్పత్రిలో పక్క మంచం మస్తాన్‌ను చూసి నాకు కడుపు మండిపోయింది. ఇద్దరిదీ క్షయే, మింగేవీ ఒకే మాత్రలు. ఈ జబ్బులో ఊపిరితిత్తులు లోపల ఇనుములా తుప్పు పడతాయట. దాన్ని అడ్డుకునే సి విటమిన్ రక్తంలో ఎంతుందో డాక్టరు పోయిన నెల చూశాడు, ఈ రోజు మళ్లీ చూశాడు. మస్తాన్‌కు పెరిగింది, నాకు తగ్గింది. అల్ రాయ్ గ్యారేజీలో పదేళ్లు తుప్పు గీకినవాణ్ణి నేను!

"ఏమిరా, నీకు వీసా ఇచ్చిన యజమాని, ఆ కఫీల్, దొంగచాటుగా ఏం పంపిస్తాండాడు?" అన్నాను.

"కఫీల్ ఈ పక్కకే రాలేదన్నా! పులుపు తింటే దగ్గొస్తాదని నీ భోజనంలో నారింజ రోజూ నాకే ఇస్తాండావు గదా?"

రేపటి నారింజ వాడి కళ్లముందు ఎలా తినాలో మీరే తిరుగు క్యాసెట్లో చెప్పి పంపండి.