వేడినీళ్ళు తాగిన దొరగారి కారు

మా మనవడికి మొన్ననే పద్దెనిమిదేళ్ళు నిండాయి. ఫోనులో నాలుగు బొమ్మలు అటూ ఇటూ జరిపి, ఐదో బొమ్మ మీద వేలు ఆనించి "తాతా, నాకు గీ కారు కావాలె" అంటుంటే నాకు నవ్వాగలేదు. మా కాలంలో, అంటే నయాపైసలు కొత్తగా వచ్చి జనం ఇంకా అణాల్లోనే బేరమాడుతున్న కాలంలో, పెద్దపల్లి దగ్గరి మా ఊరికి కారు రావడమే అపురూపం. వస్తే ఏ తహసీల్దారో రావాలి, లేదంటే ఎవరికో ప్రాణం మీదికి రావాలి. అలాంటి ఊళ్ళో, మెట్రిక్ రెండుసార్లు తప్పిన నాకు కారు కొనిపెడతానని మా నాన్న, అంటే బాపు, అనేసరికి ఊళ్ళో సగంమంది నా జాతకాన్ని మెచ్చుకున్నారు, మిగతా సగంమంది బాపు బుద్ధిని అనుమానించారు.

బాపు ఆలోచన మరొకటి. పెద్దపల్లి స్టేషన్లో దిగి వేములవాడ రాజన్న మొక్కులకు పోయే జనం బస్సు కోసం మూటల మీద పూటపూటంతా కూర్చునేవారు. వాళ్ళను కిరాయికి తిప్పితే పిల్లవాడు ఒక దారిన పడతాడని ఆయన ఆశ. నా లైసెన్సు అప్పటికే చేతికొచ్చింది. (ఇంట్లో నేను పాసైన పరీక్ష అదొక్కటే కావడంతో అవ్వ, అంటే మా అమ్మ, దాన్ని దేవుని గూట్లో పెట్టింది.) "పసుపు అమ్మిన పైసలున్నయి. గా పైసలకు మంచి బండి దొరికితె నడుపుకో. దొరకకుంటె వచ్చే సోమారం ఆసిఫాబాదు రైలెక్కు" అన్నాడు బాపు. ఆసిఫాబాదులో మా మేనమామకు కట్టెల డిపో ఉంది. అక్కడ పొద్దంతా టేకు దుంగల మీద సుత్తితో నంబర్లు కొట్టాలి. పుష్యమాసంలో అక్కడి చలికి పులులు కూడా ముడుచుకుని పడుకుంటాయని చెప్పినవాడు స్వయంగా మా మామే. కాబట్టి కారు దొరకడం నాకు ఎంత అవసరమో మీరే ఊహించుకోండి.

కరీంనగర్‌లో మా తాహతుకు అందేవి రెండే ఉన్నాయి. ఒకటి ఒక దొరగారి నల్ల కారు. పొడుగ్గా, కిటికీలకు పట్టు పరదాలతో, వెండిలా మెరిసే హారన్‌తో ఉండేది. నేను అక్కడే చదువు వెలగబెట్టిన రోజుల్లో ఆ కారు డ్రైవరు చాచా దగ్గరే డ్రైవింగ్ నేర్చుకున్నాను. (నిజం చెప్పొద్దూ, నడపడం కన్నా తోయడమే ఎక్కువ నేర్చుకున్నాను.) రెండోది సూదుల డాక్టరుగారిది. చిన్నది, ఉడికిన పప్పు రంగుది, దూరం నుంచి చూస్తే బియ్యం డబ్బాకు చక్రాలు పెట్టినట్టుండేది. ఆ కారు సందు మలుపులో కనబడగానే పిల్లలు సూది పొడుస్తారని ఏడుస్తూ ఇళ్ళలోకి ఉరికేవారు. పరదాల కారులో హైస్కూలు ముందు నుంచి పోవాలని కలలు కంటున్న నాకు ఆ డబ్బాలో కూర్చోవడమంటే తలకొట్టేసినట్టే అనిపించింది.

మా బాపుకు కారు గురించి ఒక్క ముక్క తెలియదు. ఎద్దుల గురించి తెలియని ముక్క లేదు. నాలుగూళ్ళ రైతులు జోడు కొనాలంటే అంగడికి ఆయన్ను వెంటబెట్టుకుపోయేవారు. మేము ఇంట్లోంచి బయల్దేరుతుంటే అవ్వ పసుపు రాసిన కొత్త పగ్గం తెచ్చి బాపు భుజాన వేసింది. కొన్న ఎద్దును అమ్మినవాడి పగ్గంతో ఇంటికి తోలుకురావడం మాలో లేదు, ఎవరి పగ్గం వాళ్ళే తీసుకుపోవాలి. "కారుకు పగ్గమెందుకవ్వా" అని నేను గునిశాను. "ఎద్దయితె పేడన్న పెడ్తది, గిది అది గూడ పెట్టదు. పగ్గమన్న ఉండనీ" అంది అవ్వ. బస్సులో అందరూ ఆ పగ్గాన్నీ, కారు కొనబోతున్నానని చెప్పుకుంటున్న నన్నూ మార్చి మార్చి చూశారు.

దొరగారి షెడ్డులో బాపు నల్ల కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. వంగి అడుగున చూశాడు. చక్రాన్ని కాలితో తట్టి అది ఎట్లా నిలబడిందో చూశాడు. "సాబ్, గిది ఎన్ని ఇండ్లు మారింది?" అని అడిగాడు. "ఒక్కటే ఇల్లు పటేల్, దొర తప్ప ఎవరు కూసోలె. ఫికర్ చెయ్యకు, గీ బండి షేర్ ఉన్నది, పులి" అన్నాడు చాచా. "నోరు తెరువుమను" అన్నాడు బాపు. చాచా ముందు మూత ఎత్తాడు. బాపు లోపలికి తొంగిచూసి, పళ్ళు కనబడకపోయేసరికి కాస్త నిరాశపడ్డట్టే ఉన్నాడు. సిగ్గుతో నేను కారు వెనక్కి పోయి నిలబడ్డాను. చాచా ఊరంతా ఒక చుట్టు తిప్పి తెచ్చాడు, కారు గుర్రంలా ఉరికింది. ఇక బేరమే తరువాయి అనుకుంటుంటే బాపు తువ్వాల దులిపి లేచాడు. "రేపు పొద్దుగాల మళ్ళ వస్త. పొద్దంత తిరిగినంక ముసలెద్దు గూడ ఉషారుగనే ఉంటది. పొద్దుగాల లేసేటప్పుడు సూడాలె దాన్ని" అని సత్రానికి పోయాడు.

చాచా దగ్గరే పడుకుంటానని చెప్పి నేను షెడ్డులో ఆగిపోయాను. చలికాలం పొద్దున ఆ కారు లేవాలంటే ఆరుగురు తోయాలి, ఏడోవాడు తిట్టాలి. "బేటా, నీకు ఎరుకే గద" అన్నాడు చాచా దిగులుగా. దాన్ని తోసి తోసి నడుము పడిపోయిన ఆయనకు అది గేటు దాటితే చాలు. "మరెట్ల చాచా? నన్ను ఆసిఫాబాదు పంపుతడు" అన్నాను, ఏడుపు ఒక్కటే తక్కువగా. చాచా గడ్డం గోక్కుని, "వేడినీళ్ళు పోస్తె లేస్తది. గంటసేపు నవాబు లెక్క ఉంటది" అన్నాడు. దొరగారి స్నానాల కాగు షెడ్డు వెనకే ఉంది. తెల్లవారకముందే లేచి నేనే పొయ్యి రాజేశాను, నేనే ఊదాను, నేనే రెండు బకెట్ల మరిగే నీళ్ళు మోసుకొచ్చి రేడియేటరులో పోశాను. మా ఇంట్లో ఎద్దులకు ఏనాడూ బుక్కెడు నీళ్ళు పెట్టినవాణ్ణి కాను.

బాపు గొంగడి కప్పుకుని, భుజాన పగ్గంతో, చెప్పిన వేళకే వచ్చాడు. చాచా ఇంజను తిప్పే హ్యాండిల్ పట్టుకోబోతుంటే "జర ఆగు సాబ్" అని కారు ముందుకు వచ్చి నిలబడ్డాడు. మంచు బాగా కురిసిన పొద్దు అది. కారు పైకప్పంతా నీటిబొట్లు. ముందు మూత మీద మాత్రం ఒక్క బొట్టు లేదు. బాపు దాని మీద అరచెయ్యి ఆనించాడు. చెయ్యి తీయకుండానే చాచాను పిల్లల సంగతి అడిగాడు, ఈసారి చలి ఎక్కువుందన్నాడు, మక్కజొన్నల ధర పడిపోయిందన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వేమంటవు బిడ్డా? నడిపేటోనివి నువ్వు. నువ్వు తీసుకొమ్మంటె తీసుకుంట" అన్నాడు. చెయ్యి ఇంకా అక్కడే ఉంది.

నేను ఆ చెయ్యి చూశాను. చాచా వైపు చూస్తే ఆయన ఆకాశంలో దేన్నో శ్రద్ధగా చూస్తున్నాడు. "వద్దు బాపు" అన్నాను. "గిది పొద్దుగాల లేవదు. వేడినీళ్ళు నేనే పోసిన." ఒక్క దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకున్నాను. పడలేదు. బాపు చెయ్యి తీసి గొంగడికి తుడుచుకుని, చాచాతో "మా ఎడ్ల అంగట్ల గూడ గిట్లనే చేస్తరు సాబ్. కాకపోతె వాళ్ళు బెల్లం నీళ్ళు తాగిపిస్తరు" అన్నాడు. చాచా ముందు బిక్కమొహం వేసి, తర్వాత పగలబడి నవ్వి, మా ఇద్దరికీ చాయ్ పోయించాడు.

అట్నుంచి అటే డాక్టరుగారింటికి నడిచాం. పప్పు రంగు కారు మంచులో నిలువునా తడిసి ఉంది. డాక్టరుగారు మఫ్లరు చుట్టుకుని, నోట్లో వేపపుల్లతోనే వచ్చి హ్యాండిల్ రెండు తిప్పులు తిప్పారు. కారు ఖళ్ళుఖళ్ళుమని దగ్గి లేచి కూర్చుంది. "దగ్గున్నది బాపు" అన్నాను ఆఖరి ఆశతో. "దగ్గినా లేసింది గద" అన్నాడు బాపు. కొత్త పగ్గం దాని ముందు కమ్మీకి కట్టాడు. నేను ఆ పగ్గంతో సహా దాన్ని నడుపుకుంటూ హైస్కూలు ముందు నుంచే వచ్చాను. దారి పొడుగునా పిల్లలు ఏడుస్తూ ఉరికారు. ఒక ముసలామె మాత్రం చెయ్యెత్తి ఆపి, మోకాలు చూపించి సూది వెయ్యమంది.

ఆ డబ్బా పదకొండేళ్ళు మాకు అన్నం పెట్టింది. అంతకన్నా ఎక్కువగా నాకు పేరు తెచ్చిపెట్టింది. "కారు చేతికి రాకపోయినా సరేనని నిజం జెప్పిండు మావోడు" అని బాపు ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఆ మాట వినే ఒకాయన నాకు పిల్లనిచ్చారు. యాత్రికులు నగల మూట కూడా నా కారులో వదిలి దర్శనానికి పోయేవారు. నేను బుద్ధిమంతుడిలా తల వంచుకునేవాణ్ణి. కానీ లోపల ముల్లు గుచ్చుకుంటూనే ఉండేది. ఎందుకంటే నేను చెప్పింది నిజాయితీతో కాదు. ఆ చెయ్యి చూసి, దొరికిపోయానని భయపడి చెప్పాను.

ఇద్దరు పిల్లల తండ్రినయ్యాక ఒక సాయంత్రం, బాపు మంచం మీద కూర్చుని పొగాకు నలుపుతుంటే, ఉండబట్టలేక చెప్పేశాను. "బాపు, నువ్వు అందరికి చెప్పుకుంటున్నవు గాని, ఆ పొద్దు నేను మంచోన్నయి చెప్పలె. నీ చెయ్యి మూత మీద చూసి, నీకు తెలిసిపోయిందని చెప్పిన."

బాపు పొగాకు నలపడం ఆపలేదు. "నువ్వు సూడాల్ననే గదరా, చెయ్యి కాలుతున్నా గంతసేపు పెట్టిన" అన్నాడు.