నైరుతి మూల స్పీకర్లు

నరసరావుపేటలో మా ఇంటి వసారా పక్కన ఒక చిన్న గది ఉంది. మంచం వేస్తే మనిషికి చోటుండదు, అంత గది. పత్తి విత్తనాల కొట్టు కట్టేసి వచ్చాక అందులో కూర్చుని పాటలు వినడం నా పిచ్చి. మొదట్లో కొన్న చవక స్పీకర్లతోనే ఏళ్ల తరబడి సరిపెట్టుకున్నాను. పాట వినపడేది గానీ, పాడేవాడు పక్కింట్లో ఉన్నట్టుండేది.

పోయిన వేసవిలో తెగించి గుంటూరు వెళ్లి నడుమెత్తు స్పీకర్ల జత తెచ్చేశాను. నచ్చకపోతే వారంలోగా వెనక్కి తెచ్చివ్వమన్నాడు అమ్మినాయన. ఆటోలోంచి దించుతుంటే మా అమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఏందిరా ఇయ్యి, బీరువాలా? పాతయ్యి పాడతానే ఉండాయిగా! సరే, నేనూ ఇంటా. నాకు తేడా తెలిస్తే ఉంచుకో. లేకపోతే తిరిగిచ్చెయ్. ఆ గది బియ్యం బస్తాలకి కావాల."

ఇల్లు అమ్మది. ఆమె మాటంటే మాటే. స్పీకర్లూ పోయి గదీ పోతే నా బతుకేంగాను!

పైగా ఇంకో తిరకాసు. బరువైనది ఏదైనా నైరుతి మూలే ఉండాలని అమ్మ పట్టు. ఎదురు చెప్పలేక రెండు స్పీకర్లనూ ఆ మూలకే పక్కపక్కన కుక్కి పాట పెట్టాను. ఓరి నాయనో! గాయకుడు బిందెలో తల పెట్టి పాడుతున్నాడు. తబలా దబదబమని గోడలు బాదేస్తోంది.

"ఏం మోతరా ఇది! చానా బాగుంది సంబడం. పాతయ్యే నయం" అంటూ అమ్మ లేచి వెళ్లిపోయింది.

ఏడుపొక్కటే తక్కువ నాకు. మూలన పెడితే మోత తప్పదు, గోడకి ఎడంగా పెట్టాలి. ఆ సంగతి చెబితే వింటుందా? "నైరుతి ఖాళీగా ఉంటే ఇంటికి మంచిది కాదు" అని ఒకటే పట్టు. తల్లీకొడుకుల రగడ వినలేక మా ఆవిడకి విసుగొచ్చింది.

"మూలన బరువేగా అత్తయ్యా కావాల్సింది? ఆ బస్తాలేయో అక్కడ ఏయిస్తే పోలా? ఈయన డబ్బాలు ఈయన ఇష్టమొచ్చిన కాడ పెట్టుకుంటాడు."

అమ్మ ఆ మూల కొలతేసినట్టు చూసి, "అదీ నిజమేలే" అంది. ఆమె మనసు మారేలోపే బస్తాలన్నీ నేనే మోసుకొచ్చి మూలన పేర్చాను. స్పీకర్లని ఎదురుగోడ వైపు చేర్చి, గోడకి ఎడంగా, ఒకదానికొకటి దూరంగా నిలబెట్టాను. చిత్రమేమిటంటే ఆ బస్తాలు సగం మోతని మింగేశాయి. ఇది నేనూ అనుకోలేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఇంకొక్కసారి వినమని అమ్మని పిలిచి కూర్చోబెట్టాను. నాటకాల పద్యాలంటే ఆమెకి ప్రాణం. ఒక పద్యం పెట్టాను. హార్మోనియం ఎడమ పక్కన మొదలైంది. నటుడు సరిగ్గా మధ్యలోకొచ్చి నిలబడ్డాడు. పాదానికీ పాదానికీ నడుమ ఆయన ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతోంది. నాకైతే ఒళ్లు పులకరించింది. అమ్మ మాత్రం కొంగుతో మొహం తుడుచుకుంటూ కూర్చుంది. బాగాలేదంటే సాయంత్రం బస్సుకే గుంటూరు వెళ్లాలి.

చివరి రాగం సాగి సాగి ఆగింది. అమ్మ నా వైపు చూడనే లేదు. రెండు స్పీకర్ల మధ్య ఖాళీ జాగా వైపు చెయ్యెత్తి, గట్టిగా కేకేసింది.

"వన్స్ మోర్!"