ఎగుడుదిగుడు భుజాల పేజీ

కత్తెరమ్మ చేతులు వణకడం మొదలై రెండేళ్లయింది. మొదట్లో టీ కప్పు సాసరులో చప్పుడు చేసేది. తర్వాత సూదిలోకి దారం ఎక్కడం మానేసింది. ఆఖరికి ఒకరోజు, నలభై ఏళ్లుగా చెప్పిన మాట వింటున్న పెద్ద కత్తెర, సుద్దగీతను వదిలేసి తన దారిన తాను పోయింది. ప్రాణానికి భయమేమీ లేదని, కానీ ఈ వణుకు తగ్గేది కాదని, రానురాను పెరుగుతుందని డాక్టరు చెప్పాడు.

"ప్రాణం సంగతి ఎవరడిగారండీ?" అని ఆమె విసుక్కుంది.

ఆ విసుగులో న్యాయం ఉంది. చొక్కాలు కుట్టేవాళ్లు వీధికి ముగ్గురున్నారు. కానీ ఒక భుజం పైకి, ఒక భుజం కిందికి ఉన్న మనిషికి, వెన్ను పక్కకు వంగిన మనిషికి, కాలర్ మెడ మధ్యలో నిలిచేలా, కింది అంచు నేలకు సమంగా ఉండేలా కత్తిరించే చెయ్యి అక్కడ ఆమెది ఒక్కటే. ఆ విద్య మేనమామ నేర్పాడు. ఆయన పోయి ముప్పై ఏళ్లయింది. ఆమె దగ్గర నేర్చుకుంటామని వచ్చినవాళ్లందరూ మామూలు చొక్కా చేతికి రాగానే సొంత కొట్లు పెట్టుకుని దండం పెట్టి వెళ్లిపోయారు. ఇక ఈ రెండు చేతులూ పూర్తిగా మొరాయిస్తే ఆ కటింగు ఆమెతోనే పోతుంది. ఆమె దిగులంతా అదే.

ఆ దిగులు రోజూ ఎదురుగా కనిపించేది కూడా. వీధికి అవతల గడియారాలు బాగుచేసే కొట్టుంది. ఆ కొట్టాయనకు చిన్నప్పటినుంచీ వెన్ను వంకర. కుడిభుజం బాగా కిందికి. రెడీమేడ్ చొక్కా వేసుకుంటే కాలర్ ఒక చెవిని పలకరించడానికి బయల్దేరుతుంది. ఆమె కత్తిరించి ఇచ్చిన నాలుగు చొక్కాలే తిప్పితిప్పి తొడుక్కుంటున్నాడు. వాటి కాలర్లు అరిగిపోయాయి. కొత్తది కావాలని నోరు తెరిచి అడగడు. ఆ అడగకపోవడమే ఆమెకు ముల్లులా గుచ్చుకునేది.

ఇలా ఉండగా ఒక ఆదివారం ఆడపడుచు ల్యాప్‌టాప్ పట్టుకుని కొట్టుకు వచ్చింది. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీయడం ఆమె ఉద్యోగం. కుట్టుమిషను తొక్కడం వచ్చు గానీ జన్మలో కత్తెర పట్టింది లేదు. పట్టుకున్న పని మాత్రం వదిలే రకం కాదు.

"వదినా, ఇది చూడు. కొలతలు చెప్తే చాలు, పేపర్ కటింగ్ అదే గీసిస్తుంది. ప్రింటు తీసి, అతికించి, గుడ్డ మీద పరిచి కత్తిరించుకోవడమే."

"ఎంతట?"

"ఊరికే."

"ఊరికే వచ్చిందంటే ఎక్కడో మెలిక ఉంటుంది. ఎవరిది?"

"ఎవరిదీ కాదు, అందరిదీ. ఓపెన్ సోర్స్ అంటారు. ఎక్కడెక్కడివాళ్లో తలో చెయ్యీ వేసి రాస్తున్నారు. కావలసినవాళ్లు వాడుకుంటారు, తెలిసినవాళ్లు బాగుచేస్తారు."

"ఒకళ్ల మొహం ఒకళ్లు చూడకుండానే?"

"చూడకుండానే."

కత్తెరమ్మ బల్ల దగ్గరికి జరిగింది. కుడిభుజం మీంచి జారుతున్న పొడుగు చొక్కాను పైకి లాక్కుని తెర మీదికి వంగింది. ముక్కూ మొహం తెలియనివాళ్లు వందలమంది కలిసి ఒకే బల్ల మీద కత్తిరిస్తున్నారన్న మాట ఆమెకు మింగుడు పడటానికి కొంత సమయం పట్టింది. పడ్డాక, లోపల ఏదో వెలిగినట్టయింది.

ఆ ప్రోగ్రామును ఎలా వాడాలో చెప్పే పేజీలు చాలా ఉన్నాయి. చాతీకి ఒకటి, చేతులకు ఒకటి, కాలర్‌కు మూడు. వాటి మధ్య "ఎగుడుదిగుడు భుజాలు" అని శీర్షిక పెట్టిన పేజీ ఒకటుంది. దాని కింద రెండే వాక్యాలు: "ఈ పేజీ ఇంకా ఎవరూ రాయలేదు. మీకు తెలిస్తే రాయండి."

ఆడపడుచు చేత ఆ ముక్క మూడుసార్లు చదివించుకుంది కత్తెరమ్మ.

"అమ్మాయీ, వీళ్లకు నేనున్నానని ఎవరు చెప్పారు?" అంది.

రాయడం మొదలైంది. వణికే చేత్తో ఆమె నోటుపుస్తకంలో గిలికేది, ఆడపడుచు ఆ కోడిగీతల్ని విప్పుకుని టైపు చేసేది. కొలత ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ భుజానికి ఎంత కోత, పల్లంగా ఉన్న వైపు చంక ఎంత దించాలి, మొత్తం పదకొండు మెట్లు. పదిహేను రోజుల్లో పేజీ పూర్తయింది. ఇక పంపేద్దామంది ఆడపడుచు.

"అప్పుడేనా? చేతుల పరీక్ష కావద్దూ!"

అది మేనమామ పెట్టిన నియమం. నేర్పేవాడు నేర్చుకునేవాడి పక్కన కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకోవాలి. నోరు విప్పకూడదు. ఎదుటివాడు తప్పుతుంటే చూస్తూ ఊరుకోవాలి. వాడు ఆగిపోయాడంటే తప్పు వాడిది కాదు, చెప్పినవాడిది. పేజీకైనా అదే పరీక్ష అని కత్తెరమ్మ తీర్మానించింది. గడియారాలాయన్ని పిలిచారు. ఆడపడుచు పేజీ చూస్తూ కొలవాలి, కొలతలు ప్రోగ్రాముకు ఇవ్వాలి, పాత దుప్పటి మీద కత్తిరించి కుట్టాలి. కత్తెరమ్మ మూల పీట మీద చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంది. వణుకు బయటికి కనపడకపోవడం అందులో అదనపు లాభం.

ఆ దుప్పటి చొక్కా ఆయనకు తొడిగితే కాలర్ కుడికి జారింది.

పేజీ తిరగరాసింది. రెండోసారి కత్తిరిస్తే కాలర్ కొంచెం తక్కువగా జారింది, కానీ జారింది. లెక్కలు చూస్తే సరిగానే ఉన్నాయి. కోతా సరిగానే ఉంది. తను కొలిచి, తను కత్తిరించినన్నాళ్లూ ఒక్క చొక్కా జారలేదే!

"వదినా, ఏమీ అనుకోకు. నీ విద్య నీ చేతుల్లోనే ఉందేమో. కాగితం మీదికి రానంటోందేమో," అంది ఆడపడుచు.

కత్తెరమ్మకు కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేది. ఆ మాట నిజమేమో అనిపించింది. ఆ రోజు కొట్టు పెందరాళే కట్టేసింది. మూడు రోజులు పీట మీద కూర్చుని, ఏ మెట్టు తప్పిందో తెలియక, రాసిన పదకొండు మెట్లనూ దొంగల్ని చూసినట్టు చూసింది.

మూడోసారి పరీక్షకు ఆమె ఒక్కటే మార్చింది. ఈసారి పేజీ వంక చూడలేదు. గడియారాలాయన్ని చూసింది.

ఆడపడుచు టేపు మెడలో వేసుకుని ముందుకొచ్చింది. ఇరవయ్యేళ్ల ఉద్యోగం ఊరికే పోతుందా! "నిటారుగా నిలబడండి. కదలకండి. ఊపిరి బిగబట్టండి," అంది.

ఆయన బిగబట్టాడు. చిన్నప్పటినుంచి ప్రతివాళ్లూ సరిగ్గా నిలబడరా అని అంటూ ఉంటే విని విని పెరిగిన మనిషి. ఆ మాట చెవిన పడగానే కుడిభుజం దానంతటది పైకి లేచింది. ఆడపడుచు ఆ భుజాన్నే కొలిచి రాసుకుంది. కొలత అయిపోయాక ఆయన ఊపిరి వదిలి, పొద్దున వచ్చిన గిరాకీ కథ ఎత్తుకున్నాడు. ఎవరో గోడగడియారం మోసుకొచ్చి, మా తాతగారిది, ఆగిపోయింది, ఎంతమంది చూసినా లాభం లేకపోయింది అని కళ్లనీళ్లు పెట్టుకున్నారట. వెనక మూత తీస్తే లోపల బ్యాటరీయే లేదట. చెబుతూ చెబుతూ ఆయన నవ్వులో పడ్డాడు. ఆ నవ్వులో కుడిభుజం మెల్లగా దిగి, దిగి, దాని సొంత చోటికి వచ్చి ఆగింది.

కత్తెరమ్మ ఆ భుజం మీంచి చూపు తిప్పలేదు.

మేనమామ గుర్తొచ్చాడు. కొలతలకు ఎవరొచ్చినా ఆయన అడిగే ప్రశ్న ఒకటే: మీ ఇంట్లో అందరికంటే మొండివాళ్లెవరు? ఇక చూడాలి. జవాబు లేని ఇల్లు ఉండదు కదా. ఒకరు అత్తగారంటారు, ఒకరు నాలుగేళ్ల కూతురంటారు, ఒకరు నేనేనని ఒప్పేసుకుంటారు. ఇంటి రామాయణమంతా బయటికొచ్చేది. ఆయన వింటూ, ఊ కొడుతూ, టేపు ఆడిస్తూ ఉండేవాడు. వాగుడుకాయ అని వీధంతా పేరు. ఆమె కూడా సిగ్గుపడి, "మావయ్యా, నోటికి కాస్త తాళం వెయ్యి. పని ఆలస్యమవుతోంది," అని ఎన్నిసార్లు కసురుకుందో! ఆయన పోయాక, ఆ ప్రశ్న ఆమె నోట్లోకి వచ్చి చేరింది. అది ఆయన్ని తలుచుకోవడం అనుకుంది. అది పని అని, అసలు పని అదేనని ఆమెకు ఇవాళ తెలిసింది. తెలిసే చేశాడో, ఆయనకూ తెలియదో! పరిగెత్తుకుంటూ వెళ్లి అడగాలనిపించింది. ఎక్కడని వెళుతుంది?

అప్పటికప్పుడు చెప్పెయ్యాలని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నోరు తెరిస్తే పరీక్ష చెడుతుంది. ఆడపడుచు ఆ తప్పు కొలతతోనే పని మొత్తం ముగించేదాకా, తొడల కింద చేతులు తిమ్మిరెక్కుతున్నా బిగబట్టుకుని కూర్చుంది. చివరి దారం తెగగానే అంది:

"అమ్మాయీ, రాసుకో. మొదటి మెట్టుకు ముందు ఇంకో మెట్టుంది."

ఆడపడుచు రాసుకుంది: "టేపు తీయకముందే కొలతలకు వచ్చినవాళ్లను మాటల్లోకి దించండి. వాళ్లింట్లో అందరికంటే మొండివాళ్లెవరో అడగండి. నవ్వో కోపమో వచ్చాక కొలవండి. నిటారుగా నిలబడమని ఎట్టి పరిస్థితిలోనూ అనకండి."

నాలుగోసారి గడియారాలాయన తన తమ్ముడి మొండితనం గురించి అరగంట చెప్పాడు. మునుపు భుజాల తేడా ముప్పావు అంగుళం వచ్చింది. ఈసారి రెండంగుళాలకు కాస్త తక్కువ. ఈసారి దుప్పటి కాదు, నీలం గళ్ల కొత్త గుడ్డ. ఆడపడుచు కత్తిరించింది, కుట్టింది. తొడిగితే కాలర్ మెడ మధ్యలో నిలిచింది. కింది అంచు బల్ల అంచుకు సమంగా నిలబడింది. కత్తెరమ్మ దగ్గరికి వెళ్లి భుజం మీద కుట్టును వేలితో తడిమింది. అది ఆమె కోతే. పల్లంవైపు చంక దగ్గర ఆమె ఇచ్చే ఆ చిన్న వంపుతో సహా ఆమెదే. ఆమె గుడ్డను ముట్టుకోలేదు, గీత గీయలేదు. తన చేతుల్ని చూసుకుంది. అవి వణుకుతూనే ఉన్నాయి. కళ్లు నీళ్లతో నిండాయి. గడియారాలాయన అద్దంలో చూసుకుంటూ, "ఇన్నాళ్లూ అడగడానికి మొహమాటపడ్డానండీ," అన్నాడు.

పేజీ పంపారు. ఆ ప్రోగ్రాం పేజీలన్నీ సరిచూసే మనిషి ఒకరున్నారు. పేరుండదు, ఫొటో ఉండాల్సిన చోట సూది బొమ్మ. రెండు రోజుల్లో జవాబొచ్చింది. "చాలా మంచి పేజీ. మొదటి మెట్టు మాత్రం తీసేస్తాను. కబుర్లకూ ప్రోగ్రాముకూ సంబంధం లేదు కదా."

"సంబంధం లేదా!" కత్తెరమ్మ లేచి నిలబడింది. "పేజీ మొత్తం తీసేసినా ఊరుకుంటాను గానీ ఆ ముక్క జోలికి రావద్దని రాయి. మర్యాదగానే రాయిలే. ఆ రెండు కొలతలూ, రెండు చొక్కాల ఫొటోలూ కూడా పెట్టు."

పదకొండు రోజులు ఉలుకూ లేదు, పలుకూ లేదు. పన్నెండో రోజు ఆడపడుచు ఆసుపత్రినుంచి తిన్నగా కొట్టుకే వచ్చి, నిలబడే చదివింది.

"తొమ్మిదేళ్లుగా మా దగ్గర ఒక ఫిర్యాదు పరిష్కారం కాకుండా ఉంది. భుజాలు సమంగా లేనివాళ్లకు కటింగు కుదరడం లేదని అరవైమందికి పైగా రాశారు. తప్పు లెక్కలో ఉందనుకుని ఏడుసార్లు ఆ లెక్క మార్చాను. నిన్న మా చెల్లెల్ని నిలబెట్టి మీరు రాసిన ప్రశ్న అడిగాను. తనకు ఒక భుజం పల్లమని నాకు తెలుసు, ఎంత పల్లమో ఇన్నేళ్లలో ఎప్పుడూ చూడలేదు. మొదట రాసిన లెక్కే సరైనది. దాన్నే మళ్లీ పెడుతున్నాను. మీ మెట్టు ఒకటో నంబరుగానే ఉంటుంది. ఈ ప్రశ్న మీకు ఎవరు నేర్పారు?"

కత్తెరమ్మ పీట మీద కూలబడింది. వాగుడుకాయ అని పేరుపడ్డ తన మేనమామ, ఆయన ఎన్నడూ వినని ఊళ్లలో, ఎవరి ఇంట్లోనో, ఎవరి చెల్లెలి భుజం దగ్గరో నిలబడి ఊ కొడుతున్నాడు. తలుచుకుంటే భయంలాంటిదీ, సంతోషంలాంటిదీ కలిసే వచ్చాయి. జవాబు రాయమంది. "మా మావయ్య అని రాయి. అంతే చాలు."

తర్వాత కొన్ని నెలల్లో ఆ పేజీని రకరకాల భాషల్లోకి మార్చారు. ప్రశ్న మాత్రం ఎవరికి తోచినట్టు వాళ్లు మార్చుకున్నారు. ఒకచోట మీరు పోగొట్టుకున్న గొడుగుల గురించి చెప్పమంటారట. ఇంకోచోట సైకిల్ మీంచి మొదటిసారి ఎలా పడ్డారని అడుగుతారట. ప్రతిదీ చదివించుకుని, కత్తెరమ్మ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేది.

ఒక ఆదివారం ఆడపడుచు బూడిదరంగు గుడ్డ తెచ్చి బల్ల మీద పరిచింది.

"లే వదినా, నిలబడు. కొట్లో వేసుకునే చొక్కా కుడతాను నీకు. ఎప్పుడు చూసినా ఆ భుజం పైకి లాక్కుంటూనే ఉంటావు."

"గుడ్డ జారుడు రకం, అంతే. నా భుజాలకేం? సమంగానే ఉన్నాయి."

ఆడపడుచు వాదించలేదు. "అయితే ఒక్కటి చెప్పు. మీ ఇంట్లో అందరికంటే మొండివాళ్లెవరు?"

"నా దగ్గరే నీ వేషాలా!" అని కత్తెరమ్మ నవ్వింది. తర్వాత, "మా మావయ్యే," అంది. "నేను కత్తెర పట్టిన మొదటి రోజు, ఎవరిదో ఖరీదైన కోటు గుడ్డ ఇచ్చాడు. గీత తప్పాను. ఆయన చూశాడు. చూస్తున్నాడని నాకు తెలుసు. చేతులు తొడల కింద పెట్టుకుని, కళ్లలో నీళ్లు తిరుగుతున్నా నోరు మెదపలేదు. గుడ్డ మొత్తం పాడైంది. అప్పుడన్నాడు, ఇవాళ నేను సరిగ్గా చెప్పలేదు, రేపు మళ్లీ చెబుతాను అని. అంత మొండి మనిషి. నన్ను ఒక్క మాట అనలేదే!" చొక్కా అంచుతో కళ్లు తుడుచుకుంది. "సరే, కొలుచుకో మరి. ఎంతసేపు నిలబెడతావు?"

"కొలిచేశాను వదినా."

ఆడపడుచు నోటుపుస్తకం ముందుకు జరిపింది. ఎడమకంటే కుడి పల్లం, అంగుళం పావు. కత్తెరమ్మ ఆ అంకె వైపు చాలాసేపు చూసింది. నలభై ఏళ్లు పెద్ద కత్తెర పట్టిన భుజం అది. ఎందరి భుజాలో చూసిన మనిషి, తన భుజాన్ని ఇన్నాళ్లకు చూసుకుంది.

వెళ్లి మూల పీట మీద కూర్చుంది. వణికే చేతులు రెండూ తొడల కింద పెట్టుకుంది.

"ఊ, కత్తిరించు," అంది.