వానై వస్తావని రాసినవాడు

మార్టూరు హైవే పక్కన సర్వీసు రోడ్డులో ఇమ్మానుయేలు ఫ్లెక్సీల షాపు పద్దెనిమిదేళ్ళుగా ఉంది. పుట్టినరోజులకీ పెళ్ళిళ్ళకీ తిరునాళ్ళకీ ఎన్నికలకీ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అక్కడే బోర్డులు వేయించుకుంటారు. కానీ అతనికి పేరు తెచ్చినవి మాత్రం చావు ఫ్లెక్సీలు. ఎవరైనా పోతే ఫోటో పంపి, పేరూ తేదీ చెబితే చాలు, కింద రెండు మూడు పంక్తుల కవిత అతనే రాసిపెట్టేవాడు. ఆ కవిత చదివి ఆడవాళ్ళు మళ్ళీ ఒకసారి ఘొల్లుమనేవాళ్ళు. "ఇమ్మానుయేలు రాశాడంటే రాయి కూడా ఏడవాల్సిందే" అని జనం చెప్పుకునేవాళ్ళు.

కొత్తలో అతను పోయినవాళ్ళ గురించి అడిగి రాసేవాడు. తాగుడు మాని బాగుపడ్డవాడని చెబితే ఒక రకంగా, పిల్లల్లేని మనిషని చెబితే ఇంకో రకంగా. తర్వాత పని పెరిగింది. శవాన్ని లేపేలోగా ఫ్లెక్సీ కట్టాలి, ఎవరికీ ఆగే తీరిక లేదు. కంప్యూటర్లో 'కన్నీళ్ళు' అని ఒక ఫోల్డరు పెట్టుకున్నాడు. అందులో ముప్ఫై దాకా కవితలు. ముసలివాళ్ళకి ఇవి, ఆడవాళ్ళకి ఇవి, రైతులకి ఇవి. హిందువులైతే పైన 'శివైక్యం చెందారు', క్రైస్తవులైతే 'ప్రభువునందు నిద్రించారు'. కింద కవిత ఎవరికైనా సరిపోయేది. పది నిమిషాల పని. అందులో తప్పుందని అతనికి ఎప్పుడూ తోచలేదు.

కిందటేడు జూలైలో అతని భార్య జయకుమారి పోయింది. అంగన్‌వాడీ టీచరుగా చేసేది. మూత్రపిండాలు చెడిపోయి రెండేళ్ళు డయాలసిస్ మీద బతికింది. వారానికి రెండుసార్లు గుంటూరు వెళ్ళి రావాలి. చర్చి సంఘంలో ఆమె కోసం ఉపవాస ప్రార్థనలు చేశారు. ఇమ్మానుయేలు కూడా చేశాడు, మోకాళ్ళు కాయలు కాసేలా. ఒక మంగళవారం మధ్యాహ్నం, గుంటూరు నుంచి తిరిగొస్తుండగా, ఆమె బస్సులో అతని భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. మార్టూరు వచ్చాక లేపబోతే లేవలేదు. ఎక్కడ పోయిందో అతనికి తెలియదు. చిలకలూరిపేట దాటాకే అయ్యుంటుందని డాక్టరు అన్నాడు.

ఆ సాయంత్రం షాపులో కూర్చుని ఫోల్డరు తెరిచాడు. ఒక్కోటీ చదువుకుంటూ పోయాడు. ముప్ఫైలో ఒక్కటి కూడా జయకుమారిది కాలేదు. ఏదీ రాయకుండా, పేరూ తేదీలూ వేసి ఫ్లెక్సీ కట్టించాడు. ఊరంతా వింతగా చూసింది.

తర్వాత సమాధి రాయి సంగతి వచ్చింది. షాపుకి నాలుగడుగుల దూరంలో ముబీన్ గ్రానైటు పాలిషింగ్ యూనిట్. రాళ్ళ మీద అక్షరాలు చెక్కే పని కూడా అతనే చేస్తాడు. నల్లరాయి ఒకటి అద్దంలా నున్నగా చేసి గోడకి ఆనించి పెట్టాడు.

"ఏం చెక్కమంటావన్నా?" అని వారానికోసారి అడిగేవాడు.

"రాసిస్తాలే ముబీన్."

ఎనిమిది నెలలు గడిచినా రాసివ్వలేదు.

ఆదివారం చర్చిలో అతనికి మరీ కష్టంగా ఉండేది. ఆరాధన మధ్యలో ఎవరో ఒకరు లేచి సాక్ష్యం చెబుతారు. నాకు గడ్డ వచ్చింది, ప్రార్థన చేశాం, కరిగిపోయింది. మా పిల్లకి ఉద్యోగం పోయింది, ప్రార్థన చేశాం, అంతకన్నా మంచిది వచ్చింది. అందరూ స్తోత్రం అనేవాళ్ళు. అందరితో పాటు ఇమ్మానుయేలు పెదాలూ కదిలేవి. వాళ్ళు అబద్ధం చెబుతున్నారని అతను అనుకోలేదు. అదే అతనికి అర్థంకానిది. వాళ్ళది నిజమైతే తనకు జరిగిందేమిటి?

"నువ్వూ ఒకసారి సాక్ష్యం చెప్పు ఇమ్మానుయేలూ, మనసు తేలికపడుతుంది" అన్నారు పాస్టరుగారు.

"నా సాక్ష్యానికి చివర లేదండి అయ్యగారూ. ప్రార్థన చేశాం దాకా వచ్చి ఆగిపోయింది."

పాస్టరుగారు అతని భుజం తట్టారు.

మార్చి నెలాఖర్లో, కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్న రోజుల్లో, అరవై దాటిన ఒకావిడ షాపుకి వచ్చింది. పేరు కోటిరత్నం, ద్రోణాదుల నుంచి ఆటోలో వచ్చింది. చంకలో మడత పెట్టిన పాత ఫ్లెక్సీ. దాన్ని బల్ల మీద పరిస్తే మిరప గింజలు రాలాయి, ఘాటుకి ఇమ్మానుయేలు రెండుసార్లు తుమ్మాడు. అయిదు ఎండాకాలాలు కల్లం మీద కాయల కింద పరిచీ, వానొస్తే పైన కప్పీ వాడిన ఫ్లెక్సీ అది. ఫోటోలో మనిషి మొహం తెల్లగా పాలిపోయింది. అక్షరాలు గీతలుగా మిగిలాయి.

"నాయనా, ఇది మళ్ళీ వేసిపెట్టాల. మా ఆయనది, యలమందయ్య. కింద మాటలు మాత్రం మార్చమాక. అవి నాకు నోటికొచ్చు" అంది కోటిరత్నం. స్టూలు మీద కూర్చుని, బడిపిల్ల అప్పజెప్పినట్టు చెప్పింది:

"పోయావని అనుకోం, పొలానికెళ్ళావనుకుంటాం.
రావని అనుకోం, వానై వస్తావనుకుంటాం."

ఫోల్డర్లో రైతుల వరసలో మూడోది. ఇమ్మానుయేలు గుర్తుపట్టాడు. ఎందుకో ఆ రోజు, అయిదేళ్ళ కిందట అడగాల్సిన మాట అడిగాడు.

"మీ ఆయన ఎట్లా పోయాడమ్మా?"

"పిడుగు పడి. మిరప తోటలో ఉండంగా వాన పట్టుకుంది. చెట్టు కింద గేదెను కట్టేసి వచ్చాడు గదా, దాన్ని విప్పటానికి పోయాడు."

ఇమ్మానుయేలు బల్ల మీది పాత ఫ్లెక్సీ వైపు చూశాడు. వానలో పిడుగుపడి పోయిన మనిషికి వానై వస్తావని రాశాడు. ఆ బోర్డు వాళ్ళ గుమ్మం ముందు కట్టించాడు.

"ఎవర్ని అడిగి తెలుసుకున్నావో గాని సరిగ్గా రాశావయ్యా" అంది కోటిరత్నం. "ఆయన పోయాక నాకు మబ్బు చూస్తే వణుకు. ఉరిమితే మంచం కింద దూరి చెవులు మూసుకునేదాన్ని. నా కొడుకు బయటికి లాగేవాడు. దినం నాడు మా కోడలు ఇది చదివి చెప్పింది. వానై వస్తాడంట. మరి వచ్చేవాడికి తలుపేసుకుంటామా? ఆ తర్వాతి ఏడు తొలి వానకి వాకిట్లోకి పోయి నిలబడ్డా. వణుకుతానే నిలబడ్డా. ఇప్పుడు భయం లేదు."

అతను ఊరుకోవచ్చు. ప్రింటు తీసి ఇచ్చి పంపించేయవచ్చు. అయినా చెప్పేశాడు.

"నేనెవర్నీ అడగలేదమ్మా. మీ ఆయన ఎట్లా పోయాడో ఇప్పుడు మీరు చెబితేనే తెలిసింది. రైతన్నారు, రైతులకి పెట్టే మాటలు పెట్టాను. ఇవే మాటలు ఇంకో పదిమందికి కూడా పెట్టాను."

కోటిరత్నం బల్ల మీద రాలిన మిరప గింజల్ని చేత్తో ఒకచోటికి చేర్చింది. ఆమెకున్న ఒక్క ఆధారాన్నీ తన నోటితో తనే విరిచేశాననుకున్నాడు ఇమ్మానుయేలు.

"మా కోడలు కూడా చదివేటప్పుడు ధ్యాసంతా పొయ్యి మీద పాల మీదే పెట్టి చదివిందిలే" అంది చివరికి. "వినింది నేను గదా."

ఆమె బల్ల మీదున్న జయకుమారి ఫోటో వైపు చూసింది.

"మీ ఆవిడా? ఈమెకేం రాశావు?"

"ఏం రాయలేదు. రావట్లేదు."

"ఎట్టాంటి మనిషి?"

"చాలా మంచిదమ్మా. ఓర్పుగల మనిషి."

"అది అందరూ చెప్పేదే. అసలెట్టాంటి మనిషి?"

ఇమ్మానుయేలు తడబడ్డాడు. మొదట ఒక మాట, తర్వాత ఇంకొకటి. కోపం వస్తే మాట్లాడేది కాదు గాని పళ్ళెంలో ఇంకో గరిటె అన్నం ఎక్కువ వేసేది. అంగన్‌వాడీలో పిల్లల పేర్లన్నీ కలిపి పాట కట్టేది, ఎవరైనా బడి మానేస్తే ఆ పాటలో ఆ పేరు దగ్గర ఆగి ఎదురుచూసేది. ఇడ్లీలోకి కారప్పొడి లేకపోతే ఇడ్లీయే వద్దనేది. చెబుతూ చెబుతూ, ఎవరికీ చెప్పని సంగతి దగ్గరికి వచ్చేశాడు.

"ఆ రోజు బస్సులో నేను ఫోనులో ఉన్నానమ్మా. ఎవరో పోయారని ఆర్డరొచ్చింది. వాళ్ళకి కవిత వెతుకుతూ, అక్షరదోషాలు దిద్దుతూ కూర్చున్నా. ఆమె నా భుజం మీదే ఉంది. నేను చూసుకోలేదు."

కోటిరత్నం ఓదార్చలేదు. "ఆయన పోయినప్పుడు నేను పప్పులోకి తాలింపు పెడతన్నా" అంది. "పెద్ద ఉరుము వినపడింది. అబ్బ, ఎంత పెద్ద ఉరుమో అనుకున్నా. అంతే. మళ్ళీ తాలింపులో పడ్డా."

బయట ముబీన్ మిషను రాయి మీద గీరుమంటోంది.

వారం తర్వాత కొత్త ఫ్లెక్సీ ఇవ్వడానికి ఇమ్మానుయేలు తనే ద్రోణాదుల వెళ్ళాడు. ఆటోలో పంపితే సరిపోయేది, ఎందుకు వెళుతున్నాడో అతనికే తెలియదు. కోటిరత్నం కల్లం దగ్గర కాయలు తిరగేస్తోంది. అతను బండి ఆపేసరికి పడమర నల్లబడింది. అకాల వాన. కల్లమంతా ఒక్కసారిగా కేకలు. "పట్టలు! పట్టలు తీసుకురండి!" అని ఎవరో అరిచారు. ఇమ్మానుయేలు చొక్కా చేతులు మడిచి పట్టల కొసలు లాగాడు, రాళ్ళు బరువు పెట్టాడు. అతను తెచ్చిన కొత్త ఫ్లెక్సీని కూడా విప్పి ఒక కుప్ప మీద కప్పేశారు. యలమందయ్య మొహం మీద చినుకులు టపటపా పడ్డాయి.

కుప్పలన్నీ కప్పాక అందరూ షెడ్డులోకి పరిగెత్తారు. కోటిరత్నం మాత్రం కల్లం మధ్యలో ఆగి, కొంగు తలమీంచి తీసి, మొహం పైకెత్తింది. ఆమె కోడలు షెడ్డులోంచి, "మా అత్త అంతే, కాసేపాగి వచ్చిద్ది" అంది మామూలుగా.

ఇమ్మానుయేలు కూడా వెళ్ళి నిలబడ్డాడు. ఏదైనా తెలుస్తుందేమో అనుకున్నాడు. అతనికి వాన వానలాగే ఉంది. చొక్కా తడిసింది, కళ్ళద్దాలు మసకబారాయి, చలేసింది. ఆమెకి దొరికేదేమిటో, తనకి ఎందుకు దొరకడంలేదో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. తిరిగొచ్చేటప్పుడు దారంతా ఒక లెక్క తెగలేదు. దేవుడు తన బద్ధకాన్ని వాడుకుని ఒక ముసలమ్మ భయం తీశాడా? అట్లా అయితే తను ఒళ్ళు దాచుకోకుండా చేసిన ప్రార్థనని ఎందుకు వాడుకోలేదు? లేకపోతే దేవుడి ప్రమేయమే లేదా, ఆ మాటల్ని ఆమె తనే పట్టుకుని లేచిందా? ఒకసారి ఇటూ ఒకసారి అటూ మొగ్గాడు. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

అయినా మర్నాడు పొద్దున్నే ముబీన్ దగ్గరికెళ్ళి ఒక కాగితం ఇచ్చాడు.

ముబీన్ చదివాడు. "'నా భుజం మీద నిద్రపోయింది. ఎప్పుడు పోయిందో నేను చూసుకోలేదు.' అంతేనా అన్నా? ఇది నువ్వు రాసినట్టు లేదే."

"అంతే. చెక్కు."

మంగళగిరిలో ఒక ఆఫీసులో పనిచేసే కూతురు జాస్మిన్ ఆదివారం వచ్చి రాయి చూసి గొడవపడింది. "అందరూ చదువుతారు నాన్నా. నువ్వు అమ్మని పట్టించుకోలేదనుకుంటారు." పాస్టరుగారు, కింద బైబిలు వాక్యం ఒకటి ఉంటే నిండుగా ఉంటుంది కదా అన్నారు. ఇమ్మానుయేలు ఆయన మాట కాదనలేదు. ఏ వాక్యమో తేలేదాకా కింద జాగా వదిలెయ్యమని ముబీన్‌కి చెప్పాడు.

షాపులో 'కన్నీళ్ళు' ఫోల్డరు తెరవడం తగ్గించాడు. ఫోను రాగానే, "ఎట్లాంటి మనిషండీ?" అని అడిగేవాడు. కొందరు విసుక్కుని చిలకలూరిపేట షాపులకి పోయారు. కొందరు పాతదే కావాలన్నారు, అదే ఇచ్చాడు. ఒకరిద్దరు మాత్రం చెప్పడం మొదలుపెట్టి ఆపలేకపోయారు.

జూలైలో ఏడాది జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. ఇమ్మానుయేలు లేచి నిలబడ్డాడు. బస్సు, ఫోను, భుజం, అన్నీ చెప్పాడు. కోటిరత్నం పేరెత్తకుండా వాన సంగతీ చెప్పాడు. "ఇందులో దేవుడు ఎక్కడున్నాడో నాకు తెలియట్లేదండి. లేడని కూడా అనలేకపోతున్నాను. అడుగుతానే ఉన్నాను" అని కూర్చున్నాడు. ఎవరూ స్తోత్రం అనలేదు. పాస్టరుగారు పాట ఎత్తుకోవడానికి కొంచెం ఆలస్యమైంది. భోజనాల దగ్గర మాత్రం, ఎన్నో సాక్ష్యాలు చెప్పిన ఒక పెద్దావిడ అతని పక్కన కూర్చుని, గడ్డ కరిగింది నిజమేగాని తర్వాతి ఏడు కొడుకు పోయాడని, అది ఇంతవరకు చర్చిలో చెప్పలేదని మెల్లగా చెప్పింది.

ఆమె లేచాక జాస్మిన్ వచ్చింది.

"నాన్నా, ఒకటి చెప్పాలి. ఆ రోజు బస్సులోంచి అమ్మ నాకు ఫోన్ చేసింది. నాన్నకియ్యమ్మా అంటే, వద్దులే, ఎవరికో రాస్తున్నారు, ఇప్పుడు కదిలించకూడదు అంది."

ఇమ్మానుయేలు ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. పక్క సీట్లోంచి ఆమె మాట్లాడటం తనకి వినపడలేదా? లేక కూతురు తన కోసం ఇప్పుడు అల్లిందా?

"నిజంగా అన్నదా?"

"అన్నది నాన్నా." జాస్మిన్ అతని మొహంలోకి చూడకుండా పళ్ళెంలో ఇంకాస్త కూర వేసింది. "సాంబారు తెస్తానుండు" అంటూ వెళ్ళిపోయింది.

అతను ఇంకోసారి అడగలేదు. రాస్తున్న తనని కిటికీ పక్కన కూర్చుని చూస్తున్న జయకుమారిని ఊహించుకోబోయాడు. కాసేపు కనిపించింది, కాసేపు కనిపించలేదు. కూర కారంగా ఉంది. నెమ్మదిగా తిన్నాడు.