సుట్టాన్ని చూసి మొరిగిన యాంటీవైరస్

ఇవాళ కొత్త ల్యాప్‌టాప్‌లో తెలుగు కీబోర్డు వేయబోతే యాంటీవైరస్ ఎర్ర బాక్సు చూపించి ఆపేసింది. వెంటనే ముక్కుకి ఇంకు వాసన, పసుపు వాసన కలిసి తగిలాయి. కంచరపాలెంలో మా మేనత్త డీటీపీ షాపు! నేస్తాలూ, గుర్తుందా? రైలు వెళ్తే మానిటర్ వణికేది. దానికి పెట్టిన దసరా బొట్టు ఏడాదంతా ఉండేది.

ఓరోజు కొత్తగా వేయించిన యాంటీవైరస్, అత్త ఏళ్లుగా వాడుతున్న తెలుగు టైపింగ్ ప్రోగ్రామునే వైరస్ అని ఆపేసింది. శుభలేఖ సగంలో ఉంది. మంచి గడియ దాటకముందే మొదటి కార్డుకి పసుపు రాయాలని పెళ్లికూతురి తండ్రి ఎదురుగా కూర్చున్నాడు.

"వైరస్ అంటంది కదమ్మా, మా పాప కార్డుకేటీ అవదు కదా?" అన్నాడు బెదురుగా.

అత్త నవ్వింది. "మీ ఇంటికి సుట్టాలొత్తే కుక్క మొరగదేటి? అలాగని సుట్టాన్ని ఎనక్కి పంపేత్తారా, కుక్కని తరిమేత్తారా? ఇద్దరికీ పరిసయం సేత్తాం, అంతే."

యాంటీవైరస్‌ని తీసేయకుండానే, ఆ ఒక్క ప్రోగ్రాముకీ అడ్డు చెప్పొద్దని సెట్ చేసింది. కార్డు గడియలోపే వచ్చింది. ఆయన నాలుగు మూలలా పసుపు రాసి, అదే వేలితో మానిటర్ మీద దసరా బొట్టు పక్కన ఇంకో బొట్టు పెట్టాడు.

ఇవాళ ఎర్ర బాక్సుని చూసి నేనూ బెదరలేదు. "ఊరుకో, మన సుట్టమే" అని పరిచయం చేశాను. ఈ పోస్టు రాసిపెట్టింది ఆ సుట్టమే.